బారెడు తాడు

"రుజువైంది," అన్నాడు అమాన్సియో అబుయిన్, పేరు పిలిచేదాకా కూడా ఆగకుండా. ఆగే అలవాటు లేని మనిషి. రేవులో చేపల వేలం పాడిన గొంతు, రిటైరైనా తగ్గలేదు. సబేలా కాగితం మీద అతని పేరు పక్కన ఒక నిలువు గీత గీసింది. ఇంటిపేర్ల అక్షరక్రమంలో ఒక్కొక్కరే, అందరికీ వినపడేలా, నోటితో చెప్పాలి. చీటీలు లేవు, చేతులెత్తడాలు లేవు, దాక్కోవడానికి చోటు లేదు. ఒక్క జ్యూరీ ప్రతినిధి మాత్రం, ఇంటిపేరు ఏదైనా సరే, ఆఖరున ఓటెయ్యాలి. ఆ ప్రతినిధి సబేలా కౌతో. పొద్దున ఈ గది తలుపు మూసి, ఫోన్లు తీసేసుకుని, బయట పోలీసు కుర్చీ వేసుకుని కూర్చున్నాక, ప్రతినిధిగా ఎవరుంటారని అడిగితే అందరూ తమ బూట్ల వంక చూసుకున్నారు. ఆమె చెయ్యెత్తింది. అబ్బ, ధైర్యం గల మనిషి అన్నట్టు చూశారు. ధైర్యం కాదు, లెక్క. జ్యూరీ వాళ్లకిచ్చిన చిన్న పుస్తకంలో ఆ నియమం చదివినప్పుడే లెక్క వేసుకుంది. కౌతో అనే ఇంటిపేరుతో ఓటేస్తే వంతు నాలుగోది, అప్పటికి ఏదీ తేలి ఉండదు. ఆఖరున అయితే అంతా తేలిపోయి ఉంటుంది, ఉడికిన గిన్నె మీద మూత పెట్టినట్టు తన మాట పెట్టి లేవొచ్చు. ఒక మనిషిని పదిహేనేళ్లు లోపలికి పంపిన ఓటు నాదే అని నిద్రలో ఉలిక్కిపడనక్కర్లేదు. తొమ్మిది మందిలో ఏడుగురు రుజువైందంటేనే రుజువైనట్టు. ఏడు రాకపోతే ఆ అంశం వీగిపోయినట్టే. పొద్దుటి నుంచి జరిగిన వాదన బట్టి ఆమె అంచనా, ఎనిమిదీ ఒకటీ. తన వంతు వచ్చేసరికి ఏడు నిండిపోయి ఉంటాయి.

"ఉషియా బార్రోస్," అని పిలిచింది. గోళ్లకు రంగులేసే దుకాణంలో పనిచేసే పిల్ల, చూయింగ్ గమ్ బుగ్గకి నెట్టి, "ఏమో... అంటే... రుజువైంది," అంది. ఏమో అన్న ముక్క కాగితం మీద రాయడానికి వీల్లేదు, నిలువు గీతే. ఉషియా తన చేతుల వైపు చూసుకుంటోంది, సబేలా కూడా ఆ చేతులనే చూస్తోంది, గోళ్లు ఆకుపచ్చ, ఒక్క బొటనవేలికి మాత్రం రంగు లేచిపోయింది. సబేలా అందరి చేతులూ చూస్తుంది. డ్రైవింగ్ పరీక్ష పెట్టే ఆఫీసరు ఉద్యోగం, కారు వెనక సీట్లో కూర్చుని చేసేది. ముందు ఎడమ పక్క పరీక్షకొచ్చినవాడు, కుడి పక్క నేర్పించిన మాస్టారు, ఆయన కాళ్ల దగ్గర ఇంకో బ్రేకు. వెనక కూర్చున్నదానికి మొహాలు కనపడవు, మెడలు కనపడతాయి, చేతులు కనపడతాయి, అద్దంలో ఒక్కోసారి ఒక కన్ను. మాస్టారి మోకాలు కదిలితే చాలు, బ్రేకు ఆయన తొక్కాడని అర్థం, పరీక్ష తప్పినట్టే. ఇన్నేళ్లలో ఆమె స్టీరింగు ముట్టుకోలేదు, ఎవర్నీ ఆపలేదు, ఎవరికీ సాయం చెయ్యలేదు. చూసింది, రాసింది, దిగింది. మెడ చూస్తే మనిషి తెలుస్తాడని ఆమె నమ్మకం. కోర్టులో నిందితుడు ఎవారిస్తో లేమ కూర్చున్న కుర్చీ జ్యూరీ వరసకి కొంచెం ముందుగా పడింది, అందుకని విచారణ అంతా అతని మెడనే చూసింది. ఉప్పుగాలికి కాలిపోయి, చెక్క మీద గాట్లలా ముడతలు పడిన మెడ. ఏమీ చెప్పలేదు ఆ మెడ.

"కాన్సెలా," అంటే బస్సు డ్రైవరు "రుజువైంది" అన్నాడు, టికెట్ కొట్టి ఇచ్చినట్టు. మూడు. కిటికీ అవతల కొరున్యా ఊరి వాన, పడుతున్నట్టూ ఉండదు, ఆగినట్టూ ఉండదు. ఆమె చూపు మళ్లీ బల్ల మీది కాగితానికి జారింది. జడ్జి స్వయంగా రాసిచ్చిన అంశాలు. మొదటి మూడింటికీ ఇబ్బంది లేదు, అందరూ ఒకే మాట: పోర్తేలో అనే ఊళ్లో పెర్సెబె అనే సముద్రపు గుల్లలు ఏరే సూసో ఆ ఉదయం తాడు కట్టుకుని కొండరాయి దిగాడు. అతని పెళ్లాం అన్న ఎవారిస్తో పైన తాడు పట్టుకున్నాడు. సూసో సముద్రంలో పడి చనిపోయాడు. నాలుగోదాని దగ్గరే అంతా ఉంది. తనకు ఏ ప్రమాదమూ లేని స్థితిలో, సూసో చనిపోతాడని తెలిసే, నిందితుడు తాడు కోశాడు. ఒక్క వాక్యం. ఈ వాక్యం నిలిస్తే మనిషి పోతాడు, ఈ వాక్యం పడితే వెనక రాసినవన్నీ దానితో పాటు పడతాయి. సబేలా ఎప్పుడూ పోర్తేలో ఊరికి వెళ్లలేదు, అక్కడి పెర్సెబె తిన్నది మాత్రం చాలాసార్లు, చెల్లి పెళ్లిలో, ఇంకెక్కడో. నల్లటి బొటనవేళ్ల గుత్తిలా ఉండేదాన్ని తుంచితే ఎగజిమ్మే ఉప్పునీళ్లు జాకెట్టు మీద పడతాయి. అలలు విరిగేచోటనే పెరుగుతుంది అది. అల వెనక్కి పోయినంతసేపే గీకాలి, మళ్లీ వచ్చేలోపు పైవాడు లాగాలి. ఆ ఊళ్లో కిందికి దిగేవాడికి జీవితమంతా ఒక్కడే తాడు పట్టేవాడు. పెళ్లిలో సాక్షి సంతకం కూడా వాడే పెడతాడట. నీ తాడు ఇంకెవరైనా పడతారులే అని నలుగురి ముందు అనడం, ఆ ఊళ్లో చెంప మీద కొట్టడం కంటే ఎక్కువ. ముందురోజు బార్లో సూసో సరిగ్గా అదే అన్నాడు. ఎవారిస్తో గ్లాసు దించి, అయితే నిన్ను సముద్రమే పట్టుకుంటుందిలే అన్నాడు. బార్లో ఉన్న ప్రతివాడూ వచ్చి అది కోర్టులో చెప్పాడు, కొందరైతే రెండేసి సార్లు.

"దోపికో."

"రుజువు కాలేదు," అన్నాడు పళ్ల డాక్టరు, పొద్దుటి నుంచి ఒంటరిగా అంటున్నట్టే.

"మీకు పన్ను పీకినా రుజువు కాదు," అని గొణిగాడు అమాన్సియో. ఎవరో నవ్వారు. "అమాన్సియోగారూ, మీ వంతు అయిపోయింది," అంది సబేలా. "అయిపోయిందమ్మా, ఇన్‌స్పెక్టరమ్మా! నీ ముందు మాట్లాడితే ఏమవుతుందో మా మనవణ్ణి అడిగితే చెబుతాడు. మూడుసార్లు పరీక్షలో తన్నేశావు వాణ్ణి, జీబ్రా గీతల దగ్గర." "నాలుగోసారి ఆగమని చెప్పండి," అంది ఆమె, కళ్లెత్తకుండా. అడ్డంగా ఒక గీత గీసింది. మూడూ ఒకటీ. డాక్టరుది అనుకున్నదే. ఆ మనవడు గుర్తులేడు, గుర్తుండడు. మెడలు ఒక్కోసారి గుర్తుంటాయి గాని పేర్లుండవు. ఎప్పుడూ మెడలే. చిన్నప్పుడు నాన్న పాల లారీలో వెనక ఇరుకు బెంచీ మీద కూర్చుని ఆయన మెడ చూస్తూ ఊళ్లన్నీ తిరిగింది. కోపమొస్తే ఆయన మెడ ఎర్రబడేది, మాట మాత్రం మెత్తగానే ఉండేది, అందుకని ఆమె మాట మీద కంటే మెడ మీదే నమ్మకం పెంచుకుంది. లోయిస్‌తో కాపురం చేసిన రోజుల్లో కూడా అతను గిన్నెలు కడుగుతుంటే వెనక నిలబడి చూసేది. అలా చూడకు, పరీక్ష పెడుతున్నట్టుంటుంది అనేవాడు. వెళ్లిపోయినప్పుడు గొడవేమీ లేదు, ఎవరిది తప్పో ఎవరూ తేల్చలేదు, తేల్చమని ఎవరూ అడగలేదు కూడా. కాఫీ మెషీను అతను తీసుకెళ్లాడు, సోఫా ఉంచేశాడు. ఏ తీర్పూ లేకుండా ఎన్ని సంగతులు అయిపోతాయో అనుకుంది. అనుకుంటూనే, "ఫెర్రెయిరో," అని పిలిచింది.

జున్ను కొట్టు నడిపే ఫెర్రెయిరో గొంతు సవరించుకుని, "చూడండి, నేను చెప్పేదేంటంటే, తాడు తెగింది అని అబద్ధం చెప్పినవాడు..." అని మొదలుపెట్టాడు. "వాదన అయిపోయిందండీ, ఓటే." "అయితే రుజువైంది." నాలుగు. మధ్యాహ్నం తెచ్చిపెట్టిన ట్యూనా చేప కూరిన ఎంపనాదా రొట్టె ముక్కలు ఇంకా పక్క బల్ల మీదే ఉన్నాయి, ఉల్లిపాయా నూనే వాసన గది అంతా పట్టేసింది. అబద్ధం, అవును, అందరినీ అదే పట్టేసింది. ఎవారిస్తో మొదటి నుంచీ ఒకటే మాట: తాడు రాయికి ఒరుసుకుని తెగింది. పోలీసుకీ అదే, లాయరుకీ అదే, జడ్జికీ అదే. శవం నడుముకున్న తాడు ముక్క కొస మాత్రం కత్తితో కోసినట్టు నున్నగా ఉందని పరీక్షించినవాళ్లు పెద్ద పెద్ద బొమ్మలు చూపించి చెప్పారు. ఆ ముక్క బారెడు. బారెడు అంటే, పైవాడు ఒక మెట్టు దిగి నిలబడితే వాడి కత్తికీ అందుతుంది, కిందివాడు చెయ్యి చాపితే వాడి కత్తికీ అందుతుంది. ఇద్దరి మొలల్లోనూ కత్తులుంటాయి. ఎవారిస్తో కత్తి వాడి ఇంట్లోనే దొరికింది, ఉప్పు తప్ప మరక లేదు. సూసో కత్తి దొరకలేదు, ఒర ఖాళీగా ఉంది. అల లాక్కుపోయి ఉంటుందని ప్రాసిక్యూటరు. వాడే తీసి ఉంటాడని లాయరు, వాడే తీసి, పైవాణ్ణి కూడా లాగేయకుండా తన తాడు తనే కోసుకుని ఉంటాడని. లాయరు ఈ మాట అంటున్నప్పుడు ఎవారిస్తో లేచి, "తాడు తెగిందయ్యా, నీకు ఎన్నిసార్లు చెప్పాలి," అని తన లాయరు మీదే అరిచాడు. తనను కాపాడేవాడి నోరు మూయించే నిందితుణ్ణి ఎవరు నమ్ముతారు? పైగా తాడు మిగతా ముక్క, పైన తన చేతిలో మిగిలిందాన్ని, సముద్రంలో పారేశాడు. ఎందుకు పారేశావంటే, చూడలేకపోయాను అన్నాడు.

"మౌరిన్యో," "రుజువైంది," అయిదు, ఈ మౌరిన్యో పొద్దుటి నుంచి నోరు తెరవడం ఇదే మొదలు. ఇంక మిగిలింది ఇద్దరూ తనూ. ఇద్దరూ రుజువైందనేవాళ్లే, వాళ్లతో ఏడు. సబేలాకి భుజాలు కొంచెం సడలినట్టయింది. నాలుగు వాక్యాల్లో కారణాలు ఎలా రాయాలో మనసులో కూర్చుకోవడం మొదలుపెట్టింది, కారణాలు కూడా జ్యూరీ రాసివ్వాలి, ఊరికే అవుననీ కాదనీ అంటే చాలదు. ముందురోజు తగాదా, కోసిన కొస, అబద్ధం, పారేసిన తాడు. చక్కగా వస్తాయి. ఆ నాలుగింటి పక్కన సాక్షిగా వచ్చిన దోసిండా మొహం ఎందుకో అడ్డం వచ్చింది. చచ్చినవాడి పెళ్లాం, నిందితుడి చెల్లెలు. నల్ల కోటు గుండీలు మెడదాకా పెట్టుకుని నిలబడింది. మీ అన్నంటే మీకు భయమా అని ప్రాసిక్యూటరు అడిగితే, భయమా, వాడి చొక్కా బొత్తాలు కుట్టేది నేనే అంది. మరి తాడు తెగిందంటే నమ్ముతున్నారా? ఆ తాడు నేనే కొన్నానయ్యా, కొత్తది, అది తెగే తాడు కాదు. అంటే మీ అన్న అబద్ధమాడుతున్నాడంటారా? ఆమె ఎవారిస్తో వైపు తిరిగి చూసింది. ఆడుతున్నాడు అంది. అప్పుడు కూడా ఆ మెడ కదల్లేదు.

"రెమెడియోస్ సెవానే," అని పిలిచింది సబేలా, గీత గీయడానికి పెన్ను కొస నిలువుగానే ఆన్చి. రెమెడియోస్ లాటిన్ టీచరు, పాతికేళ్లుగా పిల్లల్ని నించోబెట్టిన మనిషి. పొద్దున అందరికంటే గట్టిగా, అందరికంటే తీరుగా, వాడు దోషి అని వాదించింది ఆవిడే. ఉషియాలాంటి ఇద్దరు ముగ్గుర్ని తిప్పింది కూడా ఆవిడే.

"రుజువు కాలేదు."

"టీచరమ్మా!" అన్నాడు అమాన్సియో, కుర్చీ వెనక్కి జరిపి. "పొద్దుటి నుంచి ఏం చెప్పారు, ఇప్పుడేం చెబుతున్నారు? మమ్మల్నందర్నీ గట్టుమీద కూర్చోబెట్టి మీరు దిగిపోతారా?" రెమెడియోస్ కళ్లజోడు తీసి మడిచింది. "పొద్దున మాట్లాడాను. ఇప్పుడు ఓటేశాను. రెండూ ఒకటి కాదు నాయనా. నోటి దాకా వచ్చాక తెలిసింది." "ఏం తెలిసింది?" "నాకు తెలియదని." "తెలియదట! లాటిన్‌లో చెప్పండి, అర్థమవుతుందేమో!" సబేలా పెన్నుతో బల్ల మీద కొట్టింది. అడ్డ గీత గీసింది. అయిదూ రెండు. మిగిలింది వరేలా ఒక్కడే, గడియారాలు బాగుచేసేవాడు. అతను కూడా కాలేదు అంటే అయిదూ మూడు, ఇంక ఆమె ఏమన్నా ఒకటే, ఏడు రావు, కథ అయిపోతుంది, తన మాట మూతలాగా పెట్టేసి లేవొచ్చు. అతను రుజువైందంటే ఆరూ రెండు. ఆరూ రెండంటే ఏడోది ఆమె నోట్లో ఉన్నట్టు. అనుకున్న లెక్క ఇలా తలకిందులవుతుందని ఆ చిన్న పుస్తకంలో ఎక్కడా రాయలేదు. కాదను, అనుకుంది, వరేలా కాలర్ వైపు చూస్తూ, కాదను, నువ్వూ టీచరమ్మలాగా ఆఖరి నిమిషంలో తిరుగు, ఏదో ఒకటి చేసి నన్ను వదిలెయ్. ఎవారిస్తో గురించి కాదు ఈ ప్రార్థన, అది ఆమెకి బాగా తెలుసు. అతను జైల్లో ఉన్నా బయట ఉన్నా ఆమెకి పోయేదేమీ లేదు. పోయేదల్లా ఆ వెనక సీటు. వరేలా కళ్లజోడు చొక్కా కొసతో తుడుచుకున్నాడు, మళ్లీ పెట్టుకున్నాడు, మళ్లీ తీశాడు.

"రుజువైంది," అన్నాడు.

ఎనిమిది మందీ ఆమె వైపు తిరిగారు. ఇంతమంది ఒకేసారి తన మొహం చూడటం ఆమెకి అలవాటు లేదు. ఓటెయ్యనంటే? వెయ్యనంటే జరిమానా వేస్తారు, అది పెద్ద సంగతి కాదు. కాని వెయ్యని ఓటు నిందితుడి వైపు పడినట్టే లెక్క. నోరు మూసుకున్నా అది ఒక మాటే. ఈ చట్టం రాసినవాడు ఎవడో గాని కిటికీలన్నీ మూసేసి రాశాడు. ఎవారిస్తో కోశాడా? కోసి ఉంటాడు. నమ్ముతున్నాను అనుకుంది, నన్ను నేను మోసం చేసుకోనక్కర్లేదు, పావు వంతు అటు, ముప్పావు ఇటు. తగాదా ఉంది, అబద్ధం ఉంది, పారేసిన తాడు ఉంది. ఆ మనిషి మీద జాలి కూడా కలగడం లేదు, తన లాయరు మీద అరిచినప్పుడు నోటి తుంపర మైకు మీద పడటం చూసి అసహ్యమేసింది. ఇదే కారైతే, ఇదే అనుమానంతో అయితే, ఆమె చెయ్యి ఆగేది కాదు. స్టాప్ బోర్డు దగ్గర చక్రాలు పూర్తిగా ఆగాయా, ఆగినట్టయి కదిలాయా? అరవై దాటిన ఒక విధవరాలు ఉండేది, బేతాన్సోస్ రోడ్డు మలుపులో, ఆగానమ్మా, నా కాలికి తెలుసు అని మొత్తుకుంది. సబేలాకి తెలియదు, నిజంగానే తెలియదు, అందుకనే ఆవిణ్ణి పరీక్ష తప్పించింది. అందులో తప్పేమీ లేదు. రోడ్డు మీద అనుమానమొస్తే తప్పించాలి, ఎందుకంటే రోడ్డు మీద ఇతరులుంటారు, పిల్లలుంటారు. ఆవిడ తరవాతి నెల మళ్లీ వచ్చి నెగ్గింది, ఇప్పుడు ఎర్రకారులో కూరగాయలు వేసుకు తిరుగుతుంటుంది, హారన్ కొట్టి చెయ్యి కూడా ఊపుతుంది. తప్పిన పరీక్ష మళ్లీ పెట్టుకోవచ్చు. ఇదొక్కటే పెట్టుకోవడానికి లేదు. జడ్జి ఎదురుగా నిలబడి, చేతులు వెనక్కి కట్టుకుని, పాఠం చెప్పినట్టు చెప్పింది ఆ సంగతి: అనుమానమొస్తే దాని లాభం అతనిది, మీది కాదు. అప్పుడు ఆ మాట ఆమె చెవిలో పడి జారిపోయింది, లిఫ్టులో రాసుండే సూచనల్లాగా. ఇన్నేళ్లు ఆమె చేతిలో అనుమానం ఒకవైపుకే వంగింది. ఇప్పుడు దాన్ని రెండో వైపుకి వంచమంటున్నారు. వంగడం లేదు, మణికట్టు నొప్పెడుతున్నట్టుంది, ఇన్నాళ్ల అలవాటు కదా. ఆమె ఆ వాక్యం మళ్లీ చదివింది. ఏ ప్రమాదమూ లేని స్థితిలో. ఎవరు చూశారు? తెలిసే. ఎవరికి తెలుసు? కోశాడు. ఏ చెయ్యి? కారులో అయితే చెయ్యి కనపడుతుంది. ఆ కొండరాయి మీద ఇద్దరే ఉన్నారు, వెనక సీట్లో ఎవరూ లేరు. బారెడు తాడు, దానికి రెండు వైపులా ఒక్కో కత్తి. రెండో కత్తి సముద్రంలో ఉంది. నమ్ముతున్నాను, అనుకుంది ఆమె మళ్లీ, నమ్ముతున్నాను గాని చూడలేదు. ఆ రెండు ముక్కల మధ్య ఖాళీ ఎంత వెడల్పుందో ఇప్పుడే కనపడ్డట్టయింది. అది చూశాక ఇంక దాటడానికి కాలు రాలేదు.

"సబేలా కౌతో," అని తన పేరు తనే పిలుచుకుంది, నియమం కాబట్టి. ఉషియా కిసుక్కున నవ్వి నోరు మూసుకుంది.

"రుజువు కాలేదు."

అమాన్సియో లేచాడు. కుర్చీ పడింది. "హంతకుణ్ణి వదిలేస్తున్నారు! వదిలేస్తున్నారు, తెలుసా! ఆ చెల్లెలికి మొహం చూపిస్తారా మీరు? మా మనవడు సగం చక్రం గీత దాటితే తన్నేసిన మనిషివి, ఇక్కడ మాత్రం దయ కారిపోతోందా?" "దయ లేదండీ," అంది సబేలా. నిజమే చెప్పింది. "నేను ఆ మనిషిని నమ్మడం లేదు కూడా. కుర్చీ లేపండి, ఇంకా పనుంది." తరవాత పని చప్పున జరిగింది, నాలుగో అంశం పడిపోయాక మిగతావి ఒకదాని మీద ఒకటి వాటంతటవే ఒరిగాయి. దోషి కాడు అన్న ఆఖరి ప్రశ్నకి అమాన్సియో కూడా, రాసింది అలా ఉంది కాబట్టి అలాగే అంటున్నాను, నా మనసు అది కాదు అని రెండుసార్లు చెప్పి మరీ ఓటేశాడు. కారణాలు సబేలా రాసింది. అనుకున్న నాలుగు వాక్యాలూ పనికిరాలేదు. ఒక్కటే రాసింది: తాడు ఎవరి చేతిలోని కత్తితో తెగిందో మాకు చూపించినవాటిలో ఏదీ చెప్పలేదు. పళ్ల డాక్టరు చదివి తలూపాడు. రెమెడియోస్ ఒక అక్షరం దిద్దింది.

కోర్టు హాల్లో నిలబడి చదువుతున్నప్పుడు అందరి మొహాలూ ఎదురుగా ఉన్నాయి, చూడక తప్పని చోట. కాగితం చూసి చదివింది. నాలుగో అంశం, రుజువు కాలేదు, అన్నచోట జనంలోంచి ఒక శబ్దం వచ్చింది, ఏడుపూ కాదు తిట్టూ కాదు, బరువు దించినప్పుడు వచ్చేలాంటిది. ఎవరిదో ఆమె చూడలేదు. జడ్జి జ్యూరీకి థాంక్స్ చెప్పింది, నిందితుడు ఇప్పుడే వెళ్లొచ్చంది, ఫోన్లు తిరిగిచ్చారు. ఆమె ఫోన్లో తల్లి పంపిన మెసేజీ, భోంచేశావా అని. తొమ్మిది మందీ మళ్లీ కలుస్తామన్నట్టు చేతులు కలుపుకున్నారు, కలవరని అందరికీ తెలుసు. బయట వాన జోరందుకుంది. కోర్టు వరండాలో స్తంభాల కింద జనం ఆగిపోయారు. సబేలా గోడవైపు జరిగి నిలబడింది. పక్కనే ఎవరో రొప్పుతుంటే చూసింది, అమాన్సియో, టోపీ నొక్కుకుంటూ. ఆమెని చూసి మొహం తిప్పుకున్నాడు గాని జరగడానికి చోటు లేదు.

రెండు అడుగుల ముందు, వీళ్లకి వీపు పెట్టి, ఎవారిస్తో నిలబడి ఉన్నాడు. లాయరు కారు తేవడానికి వెళ్లినట్టున్నాడు. మళ్లీ అదే మెడ. నల్లకోటు మనిషి ఒకామె జనాన్ని తోసుకుంటూ వచ్చి అతని ఎదురుగా ఆగింది, దోసిండా. కొడుతుందనుకుంది సబేలా, అందరూ అలాగే అనుకున్నట్టున్నారు, చుట్టూ కాస్త ఖాళీ అయింది.

"ఇంకా తాడు తెగిందనే అంటావా?" అంది దోసిండా.

"లేదు."

"ఎవరి కత్తి?"

"వాడిది." గొంతు బొంగురుగా ఉంది, వాన చప్పుడులో సగం కలిసిపోతోంది. "పెద్ద అలొచ్చింది, దోసీ. నా కాళ్లు జారాయి, ఇంకో జానెడు జారితే నేనూ పోయేవాణ్ణే. వాడు పైకి చూశాడు. కోసేశాడు."

"ఈ ముక్క చెప్పడానికి ఏం రోగమొచ్చింది నీకు? ఏడాది పైన జైల్లో కూర్చున్నావు గదరా! అమ్మ నీ ఫోటో గోడకి తిప్పి పెట్టింది, తెలుసా? నాక్కూడా చెప్పలేదే?"

"చెబితే వాణ్ణి తిట్టుకుంటావు. పిల్లల్నీ నిన్నూ వదిలేసి వీడికోసం కోసుకున్నాడే అని చచ్చేదాకా తిట్టుకుంటావు. నాకు తెలీదా నువ్వు?" అతను భుజం ఎగరేశాడు. "నన్ను తిట్టుకుంటే ఏం పోయింది. చిన్నప్పట్నుంచీ తిడుతూనే ఉన్నావుగా."

దోసిండా చెయ్యెత్తింది. ఆ చేత్తో తన నోరే గట్టిగా మూసుకుంది. అలా నిలబడిపోయింది, అతని చొక్కా మీద ఎక్కడో చూస్తూ, బొత్తాలు లెక్కపెడుతున్నట్టు.

అమాన్సియో మెల్లగా, వేలం గొంతు ఎక్కడ పారేసుకున్నాడో గాని, "విన్నావా?" అన్నాడు. "విన్నాను," అంది సబేలా. నిజమై ఉంటుంది అనుకుంది. లేదా ఏడాది పాటు ఒక గదిలో కూర్చున్నవాడు చెల్లెలి కోసం ఒక వాక్యాన్ని ఎంత నున్నగా అరగదీయగలడో అంత నున్నగా అరగదీసి తెచ్చి ఉంటాడు. రెండూ అవ్వొచ్చు. మెడ మీద వాన చుక్కలు పడి కిందికి జారుతున్నాయి, వాటిని తుడుచుకోవడం లేదు అతను. ఏమీ తెలియడం లేదు ఆ మెడ నుంచి.

"నమ్ముతున్నావా వాడి మాట?"

"తెలీదండీ."

"ఇప్పటికీ తెలీదా?" అన్నాడు అమాన్సియో, ఆమె మొహంలోకి వంగి. "మరి తెలీకుండానే ఓటేశావా?"

"తెలీదనే వేశాను," అంది సబేలా, కోటు కాలరు ఎత్తుకుని మెట్లు దిగింది.